నాలుగో సెక్షన్‌లో లోపం

బుధవారం ఉదయం పది గంటలకు బిల్లు నెగ్గాలి. పదిన్నరకు టీ తాగాలి. పదకొండుకు విమానాశ్రయం కౌంటరు దగ్గరకు వెళ్లి భార్యకు సీటు రాయించాలి. రామచంద్ర ఆ రోజుకు వేసుకున్న ప్లాను అంతే. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తప్పంతా ఆ దీవిదే.

హార్లో దీవి బ్రిస్బేన్‌కు తూర్పున, సముద్రం మీద రెండు గంటల విమాన దూరంలో ఉంది. మనుషులు పదిహేడు వందలు, ఆవులు అంతకన్నా ఎక్కువ. జెండా ఆస్ట్రేలియాదే అయినా చట్టాలు సొంతం. వాటిని చేయడానికి ఏడుగురు సభ్యుల శాసనసభ. ఏడుగురిలో ఒకరు స్పీకరు, ఒకరు ముఖ్యమంత్రి, ముగ్గురు మంత్రులు. వీళ్లను నిలదీయడానికి మిగిలింది ఇద్దరు. ఒకరు రామచంద్ర, రెండో మనిషి బేకరీ నడిపే భగవతి. రామచంద్ర ముప్పై ఏళ్లు ఆ దీవి పవర్‌హౌస్‌లో ఇంజనీరుగా చేశాడు. ఎవరింట్లో దీపం ఆరినా ఆయనకే ఫోను చేసేవారు. ఆ అలవాటుతోనే ఓటు కూడా వేశారు.

దీవికి వారానికి రెండు విమానాలు, మంగళవారం ఒకటి, గురువారం ఒకటి. ఒక్కోదానిలో పంతొమ్మిది సీట్లు. వాటిలో పద్నాలుగు ముఖ్యమంత్రి గ్రెగ్ టోలన్ హోటలుకు వచ్చే గోల్ఫ్ ఆటగాళ్లవి. ఆరు నెలల ముందే రాసేసుకుంటారు. మిగిలిన ఐదింటి కోసం పదిహేడు వందల మంది కొట్టుకోవాలి. ప్రాణం పోయే జబ్బైతే ఆస్పత్రి విమానం వస్తుంది. రామచంద్ర భార్య శేషుకుమారికి పోతున్నది ప్రాణం కాదు, ఎడమ కన్ను. షుగరు వల్ల కంటి లోపల నీరు చేరుతోందనీ, నెల లోపల బ్రిస్బేన్‌లో సూది వేయించాలనీ, ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదనీ దీవిలో ఉన్న ఏకైక డాక్టరు అభినవ్ చెప్పాడు. చెప్పి తొమ్మిది రోజులైంది.

అందుకే ఆ బిల్లు. ప్రతి విమానంలో ఒక్క సీటు రోగికి అట్టిపెట్టాలి. ఒక్కటి. పద్నాలుగు సీట్లు బంతిని కర్రతో కొట్టే వాళ్లకు ఇవ్వడానికి అక్కర్లేని చట్టం, ఒకటి కన్ను పోయే మనిషికి ఇవ్వడానికి కావలసి వచ్చింది. అయినా రామచంద్ర తిట్టలేదు. కూర్చుని రాశాడు. ఇద్దరు మంత్రుల ఇళ్లకు వెళ్లి ఒప్పించాడు. జాలరి కోలిన్ తల్లికి తుంటి ఎముక విరిగి ఉంది, వెంటనే ఒప్పుకున్నాడు. బడి టీచరు వెండీ రెండు రోజులు ఆలోచించి ఒప్పుకుంది. భగవతి ఎప్పుడూ ఆయన వైపే. నాలుగు ఓట్లు ఖాయం. ముఖ్యమంత్రికీ, గోల్ఫ్ క్లబ్బు చూసే మూడో మంత్రికీ కలిపి రెండు.

"నేనూ వస్తానండి. నా కంటి కోసమేగా ఇదంతా," అంది శేషుకుమారి.

"హాల్లో ఏసీ చల్లగా ఉంటుంది శేషూ. నీకు పడదు."

"శాలువా కప్పుకుంటాను లెండి."

వచ్చింది. గ్యాలరీలో మొదటి వరసలో కూర్చుంది.

హార్లో సభలో ఓటింగుకు యంత్రాలు లేవు. అనుకూలురు నిలబడాలి, కూర్చున్నవాళ్లంతా వ్యతిరేకం. ఒక్కసారే లెక్క. రెండుసార్లు లెక్కపెడితే టీ చల్లారుతుందని ఎవరో పూర్వులు పెట్టిన పద్ధతి.

"రోగి సీటు బిల్లుకు అనుకూలంగా ఉన్నవారు నిలబడండి," అంది స్పీకరు మార్జరీ.

కోలిన్ లేచాడు. వెండీ లేచింది. భగవతి లేచింది. రామచంద్ర రెండు చేతులూ బల్లకు ఆనించి సగం లేచాడు. గ్యాలరీలో శేషుకుమారి తుమ్మింది.

ఒంటి తుమ్ము.

నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో ఒంటి తుమ్ము వినిపిస్తే, బయల్దేరిన మనిషి ఆగి, కూర్చుని, గుక్కెడు మంచినీళ్లు తాగి, అప్పుడు మళ్లీ లేస్తాడు. రామచంద్ర డీజిల్ ఇంజన్లు విప్పి బిగించిన మనిషే. శకునాలు నమ్మనని నలుగురిలో చెప్పే మనిషే. ఆ సంగతి ఆయన మోకాళ్లకు ఎవరూ చెప్పలేదు. కూర్చున్నాడు. గ్లాసు అందుకుని నీళ్లు తాగాడు.

రెండో తుమ్ము వస్తే దోషం పోతుంది. అది శేషుకుమారికీ తెలుసు. రెండోది వచ్చింది కూడా. సభలో మర్యాద కాదని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మింగేసింది. మర్యాదకు పోయి మనవాళ్లు ఈ దేశంలో పోగొట్టుకున్నది ఇదొక్కటే కాదు.

నిలబడి ఉన్న భగవతి పక్కకు చూసింది. బిల్లు పెట్టిన మనిషే కూర్చుని నింపాదిగా నీళ్లు తాగుతున్నాడు. ఆమె కూడా కూర్చుంది.

మార్జరీ వేలితో లెక్కపెట్టింది. "ఇద్దరు నిలబడ్డారు, నలుగురు కూర్చున్నారు. బిల్లు వీగిపోయింది."

రామచంద్ర గ్లాసుతో సహా లేచాడు. "మేడమ్, నేను నిలబడ్డాను!"

"ఇప్పుడు నిలబడ్డారు. అది టీకి," అంది మార్జరీ.

వీగిపోయిన బిల్లును ఏడాది దాకా మళ్లీ తేకూడదు. అదీ వాళ్ల చట్టమే. దాన్ని మాత్రం ఎవరూ మరిచిపోరు.

వరండాలోకి రాగానే భగవతి ఆయన్ని పట్టుకుంది. ఆమె ముత్తాత విశాఖ వైపు నుంచి చెరకు తోటల పనికి ఫిజీ వెళ్లాడు. అక్కడ గొడవలయ్యాక వీళ్లు ఇక్కడికి వచ్చారు. తెలుగు కొంచెమే మిగిలింది, కోపానికి సరిపోయేంత.

"ఏం పని ఇది అన్నా? నువ్వు కూర్చున్నావు, నేనూ కూర్చున్నాను. అన్నకి ఏదో తెలిసింది అనుకున్నాను!"

"తుమ్ము వచ్చిందమ్మా."

"నీకా?"

"మీ వదినకి."

భగవతి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అరే భగవాన్! మా ఆజీ, అదే మా నాయనమ్మ, ఆమె కూడా తుమ్ముకి ఇట్లే కూర్చునేది. కానీ ఆజీ పార్లమెంటులో లేదు కదా!"

ఇంతలో దీవి వారపత్రిక నడిపే ట్రిష్ నోటుబుక్కుతో వచ్చేసింది. "మిస్టర్ రామచంద్ర, మీ బిల్లును మీరే ఎందుకు ఓడించారు?"

నిజం చెప్పడానికి అదే సమయం. ఒక ముక్క చెప్పి ఉంటే ఊరంతా ఒక వారం నవ్వి ఊరుకునేది. కాని ముప్పై ఏళ్ల ఇంజనీరు తుమ్ముకు జడిసి కూర్చున్నాడని అచ్చులో పడడమే? రామచంద్ర గొంతు సవరించుకున్నాడు.

"చివరి నిమిషంలో నాలుగో సెక్షన్‌లో ఒక లోపం గమనించాను."

"ఏం లోపం?"

"సాంకేతికమైనది."

ఆ మాట అనగానే వెనక నుంచి ఎవరో ఆయన భుజం తట్టారు. ముఖ్యమంత్రి టోలన్. పదేళ్లలో ఒక్కసారి కూడా తట్టని భుజం అది. "మేట్, సొంత బిల్లును ఓడించే నిజాయితీ నీకే ఉంది. ఈ లోపం సంగతి తేల్చాల్సిందే. కమిటీ వేస్తాను. నువ్వే ఛైర్మన్."

ఒక పనిని చంపాలనుకుంటే రాజకీయ నాయకుడు దానికి కమిటీ వేస్తాడు. ఆ ఊరూ అంతే, మన ఊరూ అంతే.

ఇంటికెళ్లగానే శేషుకుమారి అడిగింది. "తుమ్ము వల్లనని చెప్పకపోయారా?"

"చెప్పి? పేపర్లో నా ఫోటో వేసి కింద అది రాయించుకోమంటావా?"

"నా కన్ను పోయినా ఫరవాలేదు గానీ మీ ఫోటో బాగుండాలి."

రెండో రోజున కాన్‌బెర్రా శివారు హారిసన్‌లో ఉండే కూతురు లాస్య ఫోను చేసింది. "డాడ్, పేపర్ ఆన్‌లైన్‌లో చూశా. యూ వోటెడ్ అగైన్‌స్ట్ మమ్స్ సీట్? సీరియస్లీ?"

"నాలుగో సెక్షన్‌లో లోపం ఉందమ్మా."

"వాట్ లోపం?"

"అది కమిటీ చూస్తుంది."

"డాడ్, యూ రోట్ ఇట్!"

అది నిజమే. బిల్లులో ప్రతి అక్షరం ఆయనే రాశాడు. ఆ రాత్రి నాలుగో సెక్షన్ పదిసార్లు చదివాడు. లోపం ఒక్కటీ కనిపించలేదు. తను రాసింది తనకు బాగానే కనిపిస్తుంది.

తర్వాతి సోమవారం ఒక మంచి జరిగింది. ఒక గోల్ఫ్ ఆటగాడు గుంటలో కాలు పెట్టి చీలమండ బెణికించుకుని ఇంకో వారం ఉండిపోయాడు. గురువారం విమానంలో ఆయన సీటు ఖాళీ అయింది. కౌంటరులో పనిచేసే షీనల్ వెంటనే ఫోను చేసి దాన్ని శేషుకుమారి పేరున రాసింది. ఇంట్లో పాయసం చేశారు, చక్కెర లేకుండా.

అదే రోజు కమిటీ గుమాస్తా ఒక కట్ట కాగితాలు తెచ్చాడు. నాలుగో సెక్షన్‌ను పరీక్షించడానికి ముఖ్యమంత్రి బ్రిస్బేన్ నుంచి ముగ్గురు నిపుణులను పిలిపించాడు. మంగళవారం వస్తారు, గురువారం పోతారు.

"అన్నీ మామూలువే సార్. పదకొండు సంతకాలు," అన్నాడు గుమాస్తా.

ఇంజనీరుగా ఉన్నప్పుడు రామచంద్ర ఒక్క నట్టు కూడా చూడకుండా బిగించలేదు. ఛైర్మన్ అయ్యాక చూడకుండా పదకొండు సంతకాలు పెట్టాడు. పదవి మనిషిని అంత త్వరగా పాడు చేస్తుంది.

గురువారం పెట్టెతో కౌంటరు దగ్గరకు వెళితే షీనల్ తల ఎత్తలేదు.

"సారీ అంకుల్. ఆంటీ సీటు గవర్నమెంటు పనికి తీసుకున్నారు."

"ఎవడు? ఎవడా తీసుకున్నది? కన్ను పోతున్న మనిషి సీటు లాక్కునే గాడిద ఎవడు?"

చుట్టూ ఉన్న గోల్ఫ్ సంచులవాళ్లు తిరిగి చూశారు. షీనల్ కాగితాన్ని ఆయన వైపు తిప్పింది. ప్రభుత్వ పని మీద ప్రయాణించేవారికి ముందు సీటు ఇవ్వాలని మూడేళ్ల కిందటి చట్టం. అప్పుడు రామచంద్ర దానికి ఠీవిగా నిలబడే ఓటు వేశాడు. నిపుణులు ముగ్గురు, ఈలోగా రద్దయిన సీట్లు రెండు, మూడోది ఆఖరున రాయించుకున్న ప్రయాణికురాలి నుంచి. కింద సంతకం గుండ్రంగా, స్పష్టంగా ఉంది.

శేషుకుమారి కాగితాన్ని కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని చదివింది.

"అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయండి," అంది. పెట్టె తనే మోసుకుంటూ కారు దాకా నడిచింది.

నిపుణులు ముగ్గురూ రెండు రోజుల్లో రొయ్యలు బాగా తిన్నారు. వారం తర్వాత నివేదిక పంపారు. లోపం లేదని తేలితే రామచంద్ర అబద్ధాలకోరు. కవరు చించాడు. లోపం ఉంది. నాలుగో సెక్షన్ ప్రకారం, సీటు కోరే రోగి ముందుగా స్పెషలిస్టు డాక్టరు ధ్రువపత్రం దాఖలు చేయాలి. స్పెషలిస్టులు ఉండేది బ్రిస్బేన్‌లో. అంటే సీటు కావాలంటే ముందు వెళ్లి రావాలి. వెళ్లడానికి సీటు కావాలి. ప్రధాన భూభాగం చట్టం ఒకటి చూసి రామచంద్ర దించిన వాక్యం అది. బిల్లు నెగ్గినా ఒక్క రోగి కూడా విమానం ఎక్కేవాడు కాదు.

ట్రిష్ పత్రికలో పెద్ద అక్షరాలతో వేసింది. సభలో ముఖ్యమంత్రి అరగంట పొగిడాడు. "దార్శనికుడు! ఇంత లోతైన లోపాన్ని క్షణంలో, సగం నిలబడి పట్టేశాడు! మరింత అధ్యయనం కోసం కమిటీ గడువును ఏడాది పొడిగిస్తున్నాను." అందరూ చప్పట్లు కొట్టారు. భగవతి మాత్రం రామచంద్రను చూసి కన్ను కొట్టింది.

డాక్టరు అభినవ్ చెప్పిన నెల అప్పటికి దాటి రెండు రోజులైంది. శేషుకుమారికి తలుపు గొళ్లెం ఒకటి రెండుగా కనిపిస్తోంది. కంచంలో అన్నం ఎడమ పక్కది వదిలేస్తోంది. రామచంద్ర అది చూశాడు. ఆ పూట ఆయన అన్నం తినలేదు. తినకపోవడం వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

"నేను రేపు సభలో నిజం చెప్పేస్తాను శేషూ. రాజీనామా ఇచ్చేస్తాను."

"ఇస్తే నాకు సీటొస్తుందా?"

"రాదు."

"మరి దేనికి? మీ పాపం దిగడానికా? అది నెమ్మదిగా దింపుకుందురు గాని. ముందు ఇది చెప్పండి. కమిటీ పని మీద వెళ్లేవాళ్లకి ముందు సీటు కదూ?"

"అవును."

"కమిటీ ఈ దీవిలోనే కూర్చోవాలని ఎక్కడైనా రాసుందా?"

రామచంద్ర రూల్సు పుస్తకం తెచ్చాడు. ఈసారి ప్రతి నట్టూ చూశాడు. "లేదు."

"సాక్షుల్ని పిలవచ్చా?"

"పిలవచ్చు."

"అయితే బ్రిస్బేన్‌లో కూర్చోండి. నన్ను పిలవండి."

ఆ మంగళవారం విమానంలో ఛైర్మన్, కమిటీ సభ్యురాలు భగవతి, సాక్షి శేషుకుమారి వెళ్లారు. ఎవరి సీట్లు తీయాలో ఈసారి ఛైర్మన్ చూసి సంతకం పెట్టాడు కనక ముగ్గురు గోల్ఫ్ ఆటగాళ్లు దిగిపోవలసి వచ్చింది. వాళ్లు చాలా కేకలు వేశారు. షీనల్ వాళ్లకు సంతకం చూపించింది.

కంటికి సూది వేయించుకున్నాక, ఆస్పత్రి కింద కాఫీ కొట్టులో కమిటీ సమావేశమైంది. భగవతి రికార్డు రాసింది.

"సాక్షి గారూ, రోగి సీటు బిల్లు వీగిపోవడానికి కారణం మీకు తెలుసా?" అని అడిగింది భగవతి.

"తెలుసు. నేను తుమ్మాను, ఛైర్మన్ గారు కూర్చున్నారు," అంది శేషుకుమారి కంటికి కట్టుతో.

"ఛైర్మన్ ఏమైనా చెప్పాలా?"

ఛైర్మన్ కాఫీ కప్పు పక్కకు జరిపాడు. "సాక్షి చెప్పింది నిజం," అన్నాడు.

అది రికార్డులోకి ఎక్కింది. పత్రికలోకీ ఎక్కింది, ఫోటోతో సహా. ఊరు ఒక వారం నవ్వింది. అంతే. దీని కోసం ఆ మనిషి నెల రోజులు దాక్కున్నాడు. ఆ నెల రోజుల ధర బ్రిస్బేన్ డాక్టరు చెప్పాడు. నెల ముందు వచ్చి ఉంటే చూపు మొత్తం నిలిచేదట. ఇప్పుడు సగం నిలుస్తుంది. ఎడమ కంటిలో మిగతా సగం తిరిగి రాదు. శేషుకుమారి ఆ మాట విని తలూపింది. ఇంటికి వచ్చాక మొగుణ్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆయన అనమని బతిమాలినా అనలేదు.

తర్వాతి వారం కోలిన్ తల్లిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. "మా అమ్మ కూడా నాలుగో సెక్షన్ గురించి చాలా చెప్పాలనుకుంటోంది."

ఆవిడ బ్రిస్బేన్‌లో సాక్ష్యం చెప్పి కొత్త తుంటితో తిరిగొచ్చింది. తర్వాత ఒక మోకాలు, రెండు గుండెలు, ఒక నిండు చూలాలు సాక్ష్యం చెప్పాయి. హార్లో దీవిలో రోగికి సీటు లేదు. సాక్షికి ఉంది. ముఖ్యమంత్రికి ఒళ్లు మండింది. కమిటీని రద్దు చేద్దామంటే, దాన్ని పొగిడిన ఉపన్యాసం అరగంటా రికార్డులో ఉంది. వారానికి ఇద్దరికి మించి సాక్షులను పిలవకూడదని ఉత్తర్వు మాత్రం ఇచ్చాడు. శేషుకుమారి గోడ మీద వరస రాసి పెట్టింది. ఎవరికన్నా ముందుకి ఎవరినీ జరపలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం టోలన్ వచ్చాడు. కుడి డొక్క పట్టుకుని వంగి నడుస్తున్నాడు.

"పిత్తాశయంలో రాళ్లట. గురువారం వెళ్లాలి."

"మీ హోటలు సీట్లు పద్నాలుగు ఉన్నాయిగా?" అన్నాడు రామచంద్ర.

"అవి అమ్ముడైపోయాయి మేట్. సీజను. వాళ్లను దింపితే మళ్లీ రారు."

"ఆస్పత్రి విమానం?"

"ప్రాణం పోయేది కాదన్నాడు అభినవ్. ప్రభుత్వ పని అని రాయించుకుంటే ట్రిష్ పేపర్లో వేస్తుంది."

రామచంద్ర ఫారం తీయబోయాడు. శేషుకుమారి చెయ్యి అడ్డం పెట్టింది.

"కొంచెం కుడి పక్కకి రండి మిస్టర్ టోలన్. అటుంటే మీరు నాకు కనబడరు." ఆయన జరిగాడు. ఆవిడ గోడ మీది వరస చూపించింది. "మీ ముందు ఇరవై ఆరుగురు సాక్షులున్నారు. వారానికి ఇద్దరని మీరే అన్నారు. పదమూడు వారాలు."

"అప్పటిదాకా ఈ నొప్పితో ఎలా ఉండను?"

"నేను ఉన్నాను కదా, అలాగే," అంది శేషుకుమారి.

బుధవారం సభ అత్యవసరంగా సమావేశమైంది. ఏడాది ఆగాలన్న నిబంధనను ముఖ్యమంత్రి పక్కన పెట్టించాడు. నాలుగో సెక్షన్ కొట్టేయించాడు. రోగికి సీటు లేకపోవడం నాగరిక సమాజానికి సిగ్గుచేటని డొక్క పట్టుకుని మాట్లాడాడు. ఓటుకు అందరికన్నా ముందు ఆయనే నిలబడ్డాడు. పదకొండు నిమిషాల్లో చట్టం అయిపోయింది.

గురువారం ఆ చట్టం కింద బ్రిస్బేన్ వెళ్లిన మొదటి రోగి ఆయనే. చట్టానికి ఆయన పేరే పెట్టారు.